అత్తగారి చింతపండు, షికాగో గరిటె

ప్రశ్న: మేము పదకొండేళ్లుగా షికాగో శివారులోని నేపర్‌విల్‌లో ఉంటున్నాం. మా వీధిలో ఒక పెద్దావిడ కాలం చేస్తే, పిల్లలు ఇంట్లోని సామానంతా అమ్మకానికి పెట్టారు. అక్కడ ఒక వెండి గరిటె, వడ్డించే పెద్ద ఫోర్కు కొన్నాను. వెనక 'స్టెర్లింగ్, హ్యాండ్ రాట్ ఎట్ ది కాలో షాప్' అనే ముద్ర ఉంది. కాడల మీద ఎవరిదో 'ఎం' అక్షరం అతికించి ఉంది. ఆశ పెరిగి, ఆన్‌లైన్‌లో 'ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ కాలంనాటి సుత్తిపని గిన్నె' అన్నదాన్ని కూడా తెప్పించాను. దాని లోపల గ్రామఫోన్ రికార్డు మీద ఉన్నట్టు సన్నని వలయాలున్నాయి. బయట గుంటలన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకుంటామన్నారు. గరిటె, ఫోర్కు కలిపి వంటింటి త్రాసు మీద 6.7 ఔన్సులు తూగాయి. మావారు వెండి ధరతో లెక్కకట్టి, రెండింతలు పోశావంటున్నారు. గుంటూరు నుంచి వచ్చిన అత్తయ్యగారు, చనిపోయినవాళ్ల ఎంగిలి సామాను మనకెందుకు, కరిగించి పూజసామాను చేయించుకోమంటున్నారు. ఈలోగా గరిటెను చింతపండుతో తోమేశారు కూడా. నాకు మాత్రం ఇలాంటివి ఇంకా సేకరించాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి? ఆ అక్షరం తీయించవచ్చా? గిన్నె అసలైనదేనా?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు, రెండు ఇంటి తగాదాలు ఉన్నాయి. అన్నింటికీ వస్తాను గానీ, ముందు గరిటెతో మొదలుపెడతాను. మీ చేతిలో పడిన వస్తువు ఏమిటో మీకు ఇంకా పూర్తిగా తెలిసినట్టు లేదు.

కాలో షాప్ మీ ఊరి సరుకే. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ బడిలో చదువుకున్న ఆరుగురు యువతులు 1900లో పెట్టిన దుకాణం అది. ముందుండి నడిపించింది క్లారా బార్క్. గ్రీకు భాషలో 'కాలోస్' అంటే అందమైనది అని అర్థం, ఆ పేరు అక్కడి నుంచి వచ్చింది. మొదట్లో వాళ్లు చేసింది వెండిపని కాదు, తోలుపని లాంటివి. 1905లో క్లారా, లోహపని మీద మక్కువ ఉన్న జార్జ్ వెల్స్‌ను పెళ్లాడింది. ఇద్దరూ కలిసి పార్క్ రిడ్జ్‌లో ఒక ఇంట్లో పనిశాల, పని నేర్పే బడి రెండూ పెట్టారు. మీరు ఇండియా విమానం ఎక్కడానికి ఓహేర్‌కు వెళ్తారు కదా, ఆ పక్క ఊరే పార్క్ రిడ్జ్. నార్వే, డెన్మార్క్, స్వీడన్ల నుంచి వలస వచ్చిన పనివాళ్లు ఆమె దగ్గర చేరారు. 1914లో పనిశాల మళ్లీ షికాగో నగరంలోకి మారింది. 1959లో క్లారా ఆ దుకాణాన్ని తన దగ్గర పనిచేసిన నలుగురికే ఇచ్చేసింది. యజమానులు కొలువువాళ్లకు దుకాణం అప్పగించడం ఎక్కడోగానీ జరగదు. 1970లో అది మూతపడింది.

ఈ చరిత్రంతా చెప్పడానికి ఒక కారణముంది. కాలో ముద్ర ఉన్నదల్లా నూరేళ్ల నాటిది కాదు. ముద్రలో పార్క్ రిడ్జ్ పేరుంటే 1914కు ముందుదని చెప్పవచ్చు. మీ ముద్రలో ఊరి పేరు లేదు కాబట్టి అది ఆ తర్వాతి దశాబ్దాల్లో ఎప్పటిదైనా కావచ్చు, 1920లదీ కావచ్చు, 1950లదీ కావచ్చు. అమ్మేవాళ్లు 'సుమారు 1910' అని ధైర్యంగా రాసేస్తారు. మీరు మాత్రం మీ పుస్తకంలో అలా రాసుకోకండి. 1950లలోనూ అదే పద్ధతిలో చేత్తోనే చేశారు కాబట్టి వస్తువు విలువ అంతగా తగ్గదు. తేదీ అబద్ధమైతే మాత్రం ధర కూడా అబద్ధమవుతుంది.

ఇక ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ అన్న చేతిపని ఉద్యమం పేరు సంగతి. పందొమ్మిదో శతాబ్దంలో బర్మింగ్‌హామ్, షెఫీల్డ్ కార్ఖానాలు వెండిని అచ్చులు కొట్టి గుట్టలుగా పోస్తుంటే, రస్కిన్, మోరిస్ వంటి ఇంగ్లండు ఆలోచనాపరులు పనివాడి చేతిని యంత్రం మింగేస్తోందని గొంతెత్తారు. ఆ మాటలు చెవికెక్కించుకున్న సి.ఆర్. ఆష్‌బీ అనే వాస్తుశిల్పి 1888లో లండన్ తూర్పువాడలో గిల్డ్ ఆఫ్ హ్యాండీక్రాఫ్ట్ అనే చేతిపనివాళ్ల సంఘం పెట్టాడు. 1902లో పనివాళ్లనూ, వాళ్ల కుటుంబాలనూ వెంటబెట్టుకుని చిపింగ్ క్యాంప్‌డెన్ అనే పల్లెటూరికి తరలిపోయాడు. ఆరేళ్లు తిరగకుండానే సంస్థ దివాలా తీసింది. అదే ప్రాంగణంలో 1908 నుంచి హార్ట్ అనే కుటుంబం ఇప్పటికీ వెండిపని చేస్తోంది. మనకు సంబంధించిన ముచ్చట ఒకటి చెప్పి ముందుకు పోతాను. మన కళల చరిత్ర రాసిన ఆనంద కుమారస్వామి ఆ పక్కనే బ్రాడ్ క్యాంప్‌డెన్‌లో కాపురమున్నారు. ఒక పాత ప్రార్థనాలయాన్ని ఆయన కోసం ఇల్లుగా మార్చి ఇచ్చింది ఆష్‌బీయే. మన దేశపు చేతిపనివాళ్ల గురించి ఆయన 1909లో వెలువరించిన చిన్న పుస్తకానికి ముందుమాట రాసిందీ ఆష్‌బీయే. ఇంగ్లండు యంత్రాలతో విసిగిపోయినవాళ్లకు మన కంసాలి బతుకు ఆదర్శంగా కనిపించిన కాలమది. మన కంసాలికి అప్పుడు ఎలా గడిచేదో వాళ్లకు ఎంతవరకు తెలుసో గానీ. 1897లో ఈ గాలి అమెరికాకు తగిలింది. ఆ ఒక్క ఏడాదే బోస్టన్‌లో ఒక సంఘం, షికాగోలో హల్ హౌస్ అనే సేవాకేంద్రంలో ఒక సంఘం పుట్టాయి.

మా అమ్మగారి నాన్న తెనాలిలో వెండిపని చేసేవారు. వేసవి సెలవులకు వెళ్తే, ఆయన దాగలి పక్కన పీట వేసుకుని కూర్చోవడమే నాకు ఆట. రేకును గుండ్రంగా కత్తిరించి, మధ్య నుంచి అంచు వైపుకు వలయాలుగా కొట్టుకుంటూ వచ్చేవారు. కొంతసేపు కొట్టేసరికి వెండి బిగుసుకుపోతుంది, సుత్తి కింద మోత మారిపోతుంది. ఆ మోత వినగానే ఆయన ఆపి, రేకును కుంపట్లో పెట్టి మసకగా ఎర్రబడేదాకా కాచి చల్లార్చేవారు. మళ్లీ మెత్తబడేది, మళ్లీ కొట్టేవారు. మోత తెలియకుండా ఇంకో పది దెబ్బలు వేస్తే రేకు అంచున చీలుతుంది. ఒక చిన్న గిన్నెకు ఎన్నిసార్లు కాచేవారో నేను లెక్కపెట్టలేకపోయేవాణ్ని. చివర అద్దంలా మెరిసే ముఖమున్న సుత్తి తీసుకుని, లోపల ఉక్కు దిమ్మ ఆన్చి, బయటి నుంచి ఒకదాని అంచు మీద ఒకటి పడేలా తేలిక దెబ్బలు వేసుకుంటూ వచ్చేవారు. గరుకంతా పోయి ఒంటి మీద సన్నని పలకలు తేలేవి. తరువాత తాతయ్య ఆ పలకలను కూడా రుద్ది పోగొట్టేసేవారు. సుత్తి గుర్తు కనిపిస్తే కొనేవాళ్లు పని సరిగా తేలలేదనేవారు. పార్క్ రిడ్జ్ పనివాళ్లు చేసింది అచ్చంగా ఇదే పని. ఆఖరి మెట్టు ఒక్కటే తేడా, వాళ్లు ఆ పలకలను ఉంచేశారు. చెయ్యి కనబడాలన్నది వాళ్ల పట్టుదల.

ఇప్పుడు మీ గరిటెను కిటికీ దగ్గరికి తీసుకెళ్లండి. దీపం వెలుగు వద్దు, పగటి వెలుగే కావాలి. గరిటెను నెమ్మదిగా తిప్పుతుంటే వెలుగు ఒక్కొక్క పలక మీదికి మెట్లు దిగినట్టు దిగుతుంది. గుంట అడుగున ఆ పలకలు కాస్త పెద్దవిగా, అంచు దగ్గర, కాడ కలిసే మెడ దగ్గర చిన్నవిగా ఉంటాయి. ఎందుకంటే అక్కడ వంపు ఎక్కువ, పనివాడు చిన్న దెబ్బలు వేయక తప్పదు. దెబ్బలు ఆకారం వెంటే నడుస్తాయి. ఇప్పుడు కళ్లు మూసుకుని కాడను బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి మెడ నుంచి చివరిదాకా జార్చండి. మెడ దగ్గర దళసరిగా, మధ్యలో సన్నగా, కొసన వెడల్పుగా పలచబడుతూ పోవాలి. బరువు పడేచోట లోహం ఉంచి, పడనిచోట సాగదీశారన్నమాట. అచ్చు కొట్టిన కాడలు చాలావాటిలో మందం ఈ కొస నుంచి ఆ కొసకు ఇంచుమించు ఒకటే. ఫోర్కు పళ్ల సందుల్లోకి కూడా చూడండి, లోపలి అంచులను ఆకురాయితో అరగదీసి గుండ్రం చేశారో లేదో. మూల ఎంత సన్ననిదైనా అశ్రద్ధ చేయనివాడే మంచి పనివాడు.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు. గుంటలు ఎంత లోతుగా ఉంటే అంత చేతిపని అనుకుంటారు. నిజానికి మంచి చేతిపనిలో దెబ్బ గుంట పడదు, చదునైన పలక తేలుతుంది. కాలో పనిలో చాలాసార్లు అది దగ్గరికి పెట్టుకుని చూస్తేగానీ కనబడదు. బఠాణీ గింజ ఒత్తినట్టు గుంటలు, అన్నీ ఒకే లోతున, ఒకే దూరంలో, ఆకారంతో సంబంధం లేకుండా పరుచుకుని ఉంటే అది ముస్తాబు కోసం వేసిన పని.

మీ గిన్నె సంగతి మీకు అర్థమయ్యే ఉంటుంది. లోపలి ఆ వలయాలు లేతు గుర్తులు. తిరిగే అచ్చు మీద రేకును కర్రతోనో ఇనుప పనిముట్టుతోనో నొక్కుతూ గిన్నెగా మలిచే పద్ధతి అది. ఐదు నిమిషాల పని. ఆ తర్వాత బయట గుంటలు వేశారు. వెండి నిజమైనదే కావచ్చు, గిన్నె చూడముచ్చటగా కూడా ఉండవచ్చు, అయినా మీరు డబ్బు పోసింది ఆ పేరుకు కదా. ఇది కొత్త మాయ కూడా కాదు. లండన్‌లో లిబర్టీ దుకాణం 1899లో 'కిమ్రిక్' అని ఒక వెండి వరస తెచ్చింది. ఆర్చిబాల్డ్ నాక్స్ వంటి గొప్ప చిత్రకారుల చేత నమూనాలు గీయించి, బర్మింగ్‌హామ్‌లో హేస్లర్ కార్ఖానాలో అచ్చులు కొట్టించి, పైన కాసిని సుత్తి దెబ్బలు వేయించి అమ్మింది. ఆష్‌బీ గిల్డు చితికిపోవడానికి ఆ చవక పోటీ కూడా ఒక కారణం. అయితే నాక్స్ గీసిన రేఖ ఎంత అందమైనదంటే, ఆ కిమ్రిక్ వెండికి ఈ రోజు మంచి గిరాకీ ఉంది. నాకూ ఇష్టమే. కొనేటప్పుడు నాక్స్ రేఖకు డబ్బు ఇస్తున్నానని తెలిసి కొనాలి, సుత్తికి ఇస్తున్నాననుకుని కాదు.

మీవారి లెక్క దగ్గరికి వద్దాం. ఆయనకు కోపం రాకపోతే చెబుతాను, లెక్క తప్పింది. వంటింటి త్రాసు చూపించే ఔన్సు 28.35 గ్రాములు. వెండి ధర పలికేది ట్రాయ్ ఔన్సులో, అది 31.1 గ్రాములు. పైగా స్టెర్లింగ్ అంటే వెయ్యికి 925 పాళ్లే వెండి, మిగతాది ఎక్కువగా రాగి. మీ రెండు వస్తువుల తూకం గ్రాముల్లో 190. అందులో వెండి సుమారు 176 గ్రాములు, అంటే 5.65 ట్రాయ్ ఔన్సులు. 6.7 కాదు. కాబట్టి మీరు పెట్టింది వెండి ధరకు రెండింతలు కాదు, రెండుంబావు రెట్లు దాటింది. మీవారు ఇప్పుడు ఇంకా గట్టిగా నవ్వుతారని తెలుసు.

అయినా నేను మీ పక్షమే. తులాలు, తరుగు, మజూరీ అంటూ వెండిని లెక్కపెట్టడం మనకు ఒంటబట్టిన విద్య. మజూరీ మీద బేరమాడుతాం, తరుగు మీద పోట్లాడతాం, పాతది మార్చేటప్పుడు పనితనానికి పైసా కట్టకపోయినా నోరెత్తం. వెండి బిళ్లకు ఆ లెక్క సరిపోతుంది. ఈ గరిటెకు సరిపోదు. ఇందులో తూకం ధర కింది హద్దు మాత్రమే, ఎంత అడుగుకు పడినా అంతకంటే తక్కువకు పోదని చెప్పే హద్దు. మీరు ఇచ్చిన మిగతా సొమ్మంతా మజూరీయే, అది కూడా ఆ పని తెలిసిన చేతులు ఇప్పుడు దొరకని మజూరీ. కాలో ముద్ర ఉన్న వడ్డన సామాను వెండి ధరకు వదులుకునేవాళ్లు అరుదు. ఆ మాటకొస్తే తూకం లెక్కే ఈ సామానుకు శత్రువు. 1980 జనవరిలో వెండి ఔన్సు 50 డాలర్ల దరిదాపులకు ఎగబాకినప్పుడు జనం అమ్మమ్మల గరిటెలు, పళ్లాలు మూటలు కట్టుకుని కరిగించేవాళ్ల గుమ్మాల ముందు వరుస కట్టారు. ఏది చేతిపనో, ఏది అచ్చుపనో ఆ మూసలో ఎవరు చూశారు? ధర పెరిగినప్పుడల్లా ఈ పని ఇంకొంత అరుదైపోతుంది.

ముద్రల గురించి కాస్త నిదానంగా చెప్పాలి. బ్రిటన్‌లో ముద్ర వేసేది చేసినవాడు కాదు, పరీక్షశాల. నడుస్తున్న సింహం ఉంటే స్టెర్లింగ్. చిరుతపులి తల ఉంటే లండన్, లంగరు ఉంటే బర్మింగ్‌హామ్, ఆ రోజుల్లో కిరీటం ఉంటే షెఫీల్డ్. సముద్రం ఛాయలకు కూడా లేని బర్మింగ్‌హామ్‌కు లంగరు ఎందుకన్నది వేరే కథ. పక్కన ఒక అక్షరం ఏడాదిని చెబుతుంది. అమెరికాలో ఇవేవీ లేవు. అక్కడ 'స్టెర్లింగ్' అన్నది చేసినవాడి మాట. 1906 నుంచి చట్టం అబద్ధపు ముద్రలను నిషేధించింది గానీ ప్రతి గరిటెనూ గీటురాయి మీద గీసి చూసే అధికారి ఎవరూ లేరు. అందుకే అమెరికా వెండిలో దుకాణం పేరుకు అంత విలువ.

ఆ పేర్లలోనూ మనుషుల గుణం తెలుస్తుంది. మసాచుసెట్స్ రాష్ట్రం గార్డ్‌నర్‌లో ఆర్థర్ స్టోన్ అని ఒకాయన ఉండేవాడు. 1847లో షెఫీల్డ్‌లో పుట్టి, పని నేర్చుకుని, అమెరికా వచ్చి 1901లో సొంత దుకాణం పెట్టాడు. తన ముద్ర పక్కనే, ఆ వస్తువును చేసిన పనివాడి పేరు మొదటి అక్షరాన్ని కూడా కొట్టించేవాడు. అదే సమయంలో లండన్‌లో ఒమర్ రామ్స్‌డెన్ తన వస్తువుల మీద 'ఒమర్ రామ్స్‌డెన్ నన్ను చేశాడు' అని లాటిన్‌లో చెక్కించేవాడు. ఆయన పేరున అమ్ముడైనవి చాలావరకు కొలువులోని పనివాళ్లు చేసినవే. రెండూ గొప్ప వెండే. నా డబ్బుతో కొనాల్సివస్తే స్టోన్ గరిటె కొంటాను. నా అభిమానమది, అంగడి ధర అలా ఉండదు.

ముద్ర ఉంది కదా అని గుండె మీద చెయ్యి వేసుకోకండి. ఇంగ్లండులో ఉద్యోగం చేసిన రోజుల్లో ఒక ఆదివారం సంతలో నేను మోసపోయిన తీరు చెబుతాను. రెండు పొడవాటి తీగ పిడులున్న చిన్న వెండి దొప్ప. పిడి చివర నీలిరాయి పొదిగి ఉంది. ఆష్‌బీ గిల్డు ఇలాంటివి చేసింది కాబట్టి నా కళ్లకు పొర కమ్మింది. అడుగున చక్కని ముద్రల వరస ఉంది. అమ్మిన పెద్దమనిషి 1902 నాటిదన్నాడు. ఇంటికి వచ్చి టీ కప్పు పక్కన పెట్టుకుని చూస్తూ, అడుగున నోటితో ఆవిరి ఊదాను. చల్లని వెండి మీద ఆవిరి పట్టి కరిగేటప్పుడు, ముద్రల చుట్టూ రూపాయి బిళ్లంత గుండ్రని గీత ఒక్క క్షణం కనబడి మాయమైంది. మళ్లీ ఊదాను, మళ్లీ కనబడింది. ఏదో పాత వస్తువు నుంచి ముద్రలున్న ముక్కను కోసి, ఇక్కడ టంకం పెట్టి అతికించారు. అప్పుడు భూతద్దం తీసి ముద్రలు చదివాను. వరసలో రాణిగారి తల ఉంది. ఆ తల ముద్ర పన్ను కట్టినందుకు గుర్తు, 1890తో ఆ పన్ను ఎత్తేశారు. 1902 నాటి దొప్ప మీద అది ఉండే వీలే లేదు. సంతలో ఒక్క నిమిషం ఆగి చదివి ఉంటే బయటపడేవాణ్ని. తరవాతి ఆదివారం ఆ మనిషి బల్ల ఖాళీ.

ఆవిరి ఊదడం అప్పటి నుంచి నాకు అలవాటైపోయింది. చెరిపేసిన అక్షరాలు, అతుకులు, విరిగితే సీసంతో చేసిన మరమ్మతులు ఆవిరిలో పైకి తేలుతాయి. మీ గరిటె మెడ దగ్గర కూడా ఒకసారి ఊది చూడండి. అక్కడ మందమైన బూడిదరంగు మచ్చ ఉంటే సీసపు టంకం. దాన్ని ఏ కంసాలి దగ్గరికీ తీసుకెళ్లి కాల్పించకండి, వేడికి ఆ సీసం వెండిని తినేస్తుంది.

'ఎం' అక్షరం మాత్రం తీయించవద్దు. మామూలు వెండిలో పేర్ల అక్షరాలు చెక్కి ఉంటాయి. కాలో వాళ్లు విడిగా రేకులో అక్షరాన్ని కోసి, కాడ మీద అతికేవారు. వాళ్ల పనిలో అందమైన భాగాల్లో అదొకటి. ఆ అక్షరం గీతలు ఎంత తూకంగా ఉన్నాయో చూడండి, మన పాత తాళపత్రం మీద రాత చూసినట్టుంటుంది. పీకితే కింద మచ్చ మిగులుతుంది, మచ్చ పోవడానికి రుద్దితే చుట్టూ ఉన్న సుత్తి పలకలు పోతాయి, చివరకు చేతిలో వెండి ధర మాత్రం మిగులుతుంది. ఎవరా 'ఎం' అని అడిగితే మంగళగౌరి అని చెప్పండి.

ఇక అత్తయ్యగారి చింతపండు. ఆవిడను తప్పుపట్టలేను. తాతయ్య కూడా కాచిన వెండిని చింతపండు నీళ్లలోనే వేసేవారు. వేడికి పైకి తేలిన రాగి నలుపును ఆ పులుపు తినేస్తుంది. అది చేస్తున్న వస్తువుకు చేసే పని. చేసి, ముగించి, డెబ్బై ఎనభై ఏళ్లు వాడిన వస్తువుకు అవసరం లేదు. మీ గరిటెకు ఉన్న అందం రెండు చోట్ల ఉంది, పలకల అంచుల్లో, ఆ అంచుల్లో నిలిచిన నీడలో. ఒక్కసారి తోమితే కొంప మునగదు. ప్రతి పండక్కూ చింతపండు, విభూతి, టూత్‌పేస్టుతో తోమితే పదేళ్లకు అది అచ్చు గరిటెలా నున్నగా అయిపోతుంది. అల్యూమినియం రేకు, సోడా ఉప్పు వేసిన వేడినీళ్లలో ముంచే చిట్కా కూడా ఇంటింటా తిరుగుతోంది. అది నలుపును అసలేమీ మిగల్చకుండా తీసేస్తుంది, సందుల్లో ఉండాల్సిన నీడతో సహా. వస్తువు పాలిపోయిన ముఖంలా తయారవుతుంది. ఇంతకంటే ఘోరం మెరుగు చక్రం. దుకాణంవాడు ఉచితంగా మెరుగు పెట్టి ఇస్తానంటే చేతిలోంచి లాక్కుని వచ్చేయండి.

చేయవలసింది చాలా తక్కువ. గోరువెచ్చని నీళ్లు, మెత్తని సబ్బు, వెంటనే మెత్తని నూలు గుడ్డతో తుడవడం. గిన్నెలు కడిగే యంత్రంలో ఎప్పుడూ వేయకండి. రబ్బరు బ్యాండు కట్టకండి, దాన్లోని గంధకానికి వెండి నల్లబడుతుంది. నిజానికి వెండికి అన్నింటికంటే మంచి మెరుగు వాడకమే. రోజూ చేతిలో తిరిగే గరిటె నల్లబడదు, బీరువాలోది నల్లబడుతుంది. పెరుగన్నానికి, పరమాన్నానికి నిశ్చింతగా వాడండి. గుడ్డుకూరకు వద్దు. ఆవకాయ జాడీలో మాత్రం చచ్చినా ముంచకండి. ఉప్పు, పులుపు, ఆవపిండిలోని గంధకం, వెండికి పడని మూడూ ఒకేచోట దొరికే జాడీ అది.

ఎంగిలి సంగతి ఆవిడతో మీరు వాదించకండి, ఆవిడ మాటతోనే ఆవిడకు చెప్పండి. మట్టిపాత్ర ఎంగిలైతే పారేయమన్న మన పెద్దలే, లోహపు పాత్రను కడిగితే చాలన్నారు. తిరుమల యాత్రలో హోటల్ చెంచాతో తిన్నవాళ్లం మనం. కరిగించడం గురించి అడిగితే ఒక్క లెక్క చెప్పండి. 190 గ్రాముల స్టెర్లింగ్ కరిగిస్తే, తరుగు పోగా ఒక కుంకుమ భరిణె, చిన్న దీపపు కుందుల జత వస్తాయేమో. అవి ఏ బజారులోనైనా దొరుకుతాయి. ఈ గరిటెకు జత కావాలంటే చేసే దుకాణం మూతపడి యాభై ఏళ్లు దాటింది. తెనాలిలో మా తాతయ్య చేసిన కంచాలూ ఇలాగే మూసలోకి పోయాయి, మావాళ్లే ఇచ్చేశారు. ఒక్కటి కూడా మిగల్లేదు. అందుకే ఈ విషయంలో నాకు కాస్త ఆవేశం ఎక్కువ, మన్నించండి.

మొదలుపెట్టడం గురించి అడిగారు. ఏడాది పాటు ఏమీ కొనకండి అని చెప్పేవాణ్ని గానీ మీరు వినరు. అందుకని హద్దు గీసుకోండి. షికాగో చుట్టుపక్కల పనిశాలల్లో చేసిన వడ్డన సామాను, అంతే. గరిటెలు, మాంసం వడ్డించే ఫోర్కులు, చిల్లుల టమాటా గరిటెలు, కేకు తీసే బద్దలు. పెద్ద గిన్నెలు, కూజాలు డబ్బుతో పని, అందులో మోసం జరిగితే దెబ్బ కూడా పెద్దది. కాలో ఒక్కటే కాదు, పార్క్ రిడ్జ్‌లోనే 1911లో సొంత దుకాణం పెట్టిన స్వీడన్ మనిషి జూలియస్ రాండాల్, షికాగోలో లెబోల్ట్ వంటి పేర్లు కూడా ఎదురవుతాయి. తక్కువ పేరున్నవాటిలో పని బాగుంటే అవే కొనండి. కొనే ముందు షికాగో చరిత్ర మ్యూజియానికి, ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి అక్కడి కాలో వెండి ముందు నిలబడండి. అద్దం వెనక ఉన్నదాన్ని తాకలేరు కాబట్టి, మీ గరిటెను సంచిలో తీసుకెళ్లి పక్కన పెట్టుకుని చూడండి. కాపలావాళ్లకు ముందే చెప్పండి, లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు చిక్కులో పడతారు. కొన్న ప్రతిదానికీ ఒక నోటుబుక్కులో గ్రాముల తూకం, పొడవు, ముద్ర ఫోటో, ఇచ్చిన ధర రాసుకోండి. వేలంలో కొంటే, పాడిన ధర మీద ఇరవై శాతం పైన కలుపుతారని ముందే లెక్క వేసుకోండి. చాలామంది ఇక్కడే బోర్లా పడతారు.

గిన్నెకు 30 రోజుల గడువు అని రాశారు. ఉత్తరం మీద తేదీ చూస్తే, ఇది మీకు చేరేసరికి ఆరేడు రోజులు మిగులుతాయి. లోపలి వలయాలు, బయటి గుంటలు రెండూ స్పష్టంగా కనబడేలా ఏటవాలు వెలుగులో ఫోటోలు తీసి, చేతిపని కాదు, లేతు పని అని రెండు వాక్యాలు రాసి, రేపే పెట్టెలో పెట్టి పంపేయండి. అత్తయ్యగారు దాన్ని ఇంకా తోమలేదనే అనుకుంటున్నాను.